సంత దారిలో నా సంతకం

ముప్ఫై ఏళ్లకు పైగా సాగిన నా ఉద్యోగంలో నేను అన్నిటికన్నా ఎక్కువగా చేసిన పని భయపడటం. పై ఆఫీసరంటే భయం, ఘాట్ రోడ్డు మీద జీపంటే భయం, వానాకాలంలో జారే కొండచరియలంటే భయం. ఇవి రోడ్లు భవనాల శాఖలో అందరికీ ఉండేవే. నేను సంతకం పెట్టిన చోట మనుషులు నడుస్తున్నారన్న భయం మాత్రం వేరు. అది రిటైరయ్యాక కూడా నన్ను వదల్లేదు. ఇప్పటికీ ఏదైనా కొత్త భవనం కనబడితే దాని అందం చూడను. దాని ముందు నుంచి వెళ్లేవాళ్లు ఎక్కడ అడుగు వేస్తున్నారా అని చూస్తాను.

ఈ మధ్యనే ఇంజనీరుగా చేరిన మా తమ్ముడి కూతురు, "మీ అనుభవాలు రాయండి పెదనాన్నా, మాకు పనికొస్తాయి" అంది. ప్రమోషన్లూ బదిలీలూ సన్మానాలూ రాసి ఆమెను విసిగించను. నా మొదటి పోస్టింగులో జరిగిన ఒక్క సంగతి రాస్తాను. ఇంతవరకూ అది ఏ ఫైల్లోనూ లేదు.

పని ఏమిటంటే

నేను ఓవర్సీరుగా చేరింది డెబ్బైల మొదట్లో. పాచిపెంట దాటి కొండెక్కే దారిలో ఒక సంత ఊళ్లో వేశారు. ఆ ఊరి పేరు రాయను. అప్పటి కుటుంబాలు ఇంకా అక్కడే ఉన్నాయి. ఊరంతా రోడ్డుకు ఒక పక్కనే ఉండేది. ఒకవైపు కొండ, రెండోవైపు లోయ. కొండవైపు తారు అంచున వాననీటి కాలువ, కాలువ అవతల ఇద్దరు మనుషులు పక్కపక్కన నడిచేంత మట్టిబాట, ఆ వెనక ఇళ్లూ దుకాణాలూ.

వారానికొకసారి సంత. పై ఊళ్ల జనం తెల్లారగానే బయల్దేరి చింతపండు, కొండచీపుళ్లు, అడ్డాకులు, సామలు మోసుకుంటూ ఆ మట్టిబాట మీదే దిగేవారు. తారు రోడ్డు లారీలది. వాళ్లకి దారి అంటే ఆ బాటే.

ఆ రోజుల్లోనే అక్కడ కొత్త కట్టడాలు మొదలయ్యాయి. ముందు గోడౌన్లు, తర్వాత హోటలు, ఆ తర్వాత ఆస్పత్రి. రోడ్డు వారన ఎవరేం కట్టాలన్నా మా ఆఫీసు అనుమతి కావాలి. రోడ్డు నడిమి నుంచి గోడ దాకా పాతిక అడుగులు వదిలారా, కాలువ మూసుకుపోతుందా, మెట్లు ముందుకు వస్తాయా, మనుషులు నడవడానికి చోటుందా, ఇవి నేను చూసి రిపోర్టు రాయాలి. దాని మీద కింద టౌనులో ఉండే డిప్యూటీ ఇంజనీరుగారు సంతకం చేస్తారు. అందరూ ఆయన్ని డి.ఇ. గారు అనేవారు. ఆయన కొండ మీదికి రావడం అరుదు. అంటే ఆ కొండ మీద ఆయన కళ్లు నావే.

ముగ్గు వేసిన రోజు

ఆ ఊళ్లో అద్దెకు ఇల్లు దొరకడం కష్టం. చింతపండు వ్యాపారి గవరయ్య షావుకారు తన పెరటివైపు రెండు గదులు ఇచ్చాడు. నా భార్య పార్వతికి అప్పుడు నాలుగో నెల. తొలి కాన్పు. వేవిళ్లు తగ్గక ఏదీ తినలేకపోయేది. షావుకారి భార్య రోజూ ఏదో ఒకటి వండి పంపేది, పక్కన కూర్చుని తినిపించేది. సొంత అక్కలా చూసుకుంది. ఇది ఎందుకు చెబుతున్నానంటే, మన చేత తప్పు చేయించేవాళ్లు చెడ్డవాళ్లే అయి ఉంటారని మీరు అనుకోకూడదు.

ఆ షావుకారు రోడ్డు మలుపులో గోడౌను కట్టడానికి దరఖాస్తు పెట్టాడు. డి.ఇ. గారు ఆ కాగితం నాకు పంపుతూ, త్వరగా తేల్చమని కబురు చేశారు. ఆయన ఏ కాగితానికైనా అదే మాట చెప్పేవారు. నాకు కొత్త కదా, ఆ మాటలో ఇంకేదో అర్థం ఉందనుకున్నాను.

నేను వెళ్లేసరికి పునాదికి ముగ్గు వేసి ఉంది. నా వెంట కూలీని తీసుకెళ్లలేదు. టేపు ఒక కొస షావుకారి గుమస్తా పట్టుకున్నాడు, రెండో కొస నేను పట్టుకుని ముగ్గు దగ్గర నిలబడ్డాను. అతను వెళ్లి రోడ్డు నడిమిలో నిలబడాలి. నడిమి దాటి ఇంకో రెండు అంగలు వేసి, లోయవైపు నిలబడ్డాడు. టేపు సరిగ్గా పాతిక చూపించింది. నేను తలెత్తి చూశాను. అతను నావైపే చూస్తున్నాడు. నేను చూశానని అతనికి తెలుసు. అతనికి తెలుసని నాకూ తెలుసు.

ఆ నిమిషంలో నాకు కనిపించింది పార్వతి. ఈ వర్షాల్లో ఆ గదులు ఖాళీ చేయమంటే కడుపుతో ఉన్న మనిషిని తీసుకుని ఎక్కడికి వెళ్లాలి అనిపించింది. పాతిక అని రాసుకున్నాను. సాయంత్రం రిపోర్టులో "నడకకు, కాలువకు తగిన చోటు ఉంది, అభ్యంతరం లేదు" అని రాసి సంతకం పెట్టాను. షావుకారు నన్ను ఒక్క మాట అడగలేదు, బెదిరించలేదు, ఏమీ ఇవ్వలేదు. బెదిరింపంతా నా బుర్రలోనే జరిగింది.

సోములు

గోడౌను లేచింది. ఐదడుగులు ముందుకు వచ్చిన గోడకు రాతిమెట్లు పెట్టేసరికి అవి మట్టిబాటను మింగేసి, కాలువ మీద పలకలు పరుచుకుని, తారు అంచుకు ఆనాయి. బాట మీద వచ్చేవాళ్లు అక్కడికి రాగానే రోడ్డు మీదికి దిగి, గోడౌను పొడవునా నడిచి, మళ్లీ బాట ఎక్కాలి. పైగా అది మలుపు. పైనుంచి దిగే లారీలు ఆ అంచునే వస్తాయి.

మొదటి సంత రోజున నేను మా ఆఫీసు వరండాలోంచి చూస్తూ నిలబడ్డాను. తలల మీద గంపలతో ఆడవాళ్లు మెట్ల దగ్గర ఆగి, పైకి చూసి, చెవులొగ్గి విని, గబగబా పరుగులాంటి నడకతో దాటుతున్నారు. దాటినవాళ్లను ఒక్కొక్కరినీ లెక్కపెట్టుకున్నాను.

రెండో సంతకు సోములు నా దగ్గరికి వచ్చాడు. కొండచీపుళ్లు అమ్ముకునే మనిషి, జాతాపు తెగవాడు. చిన్నప్పుడెప్పుడో జ్వరం వచ్చి రెండు కాళ్లూ చచ్చుపడ్డాయట. నడుం కింద లారీ టైరు ముక్క కట్టుకుని, రెండు చేతుల్లో కొయ్యదిమ్మలు పట్టుకుని, వాటి మీద బరువు వేసి జరిగేవాడు. అతని భార్య చిలకమ్మ చీపుళ్ల మోపు ఎత్తుకుని పక్కనే నడిచేది. మైలున్నర దూరం అలాగే వచ్చేవాళ్లు.

అతను వరండా కింద ఆగి, మెట్లు అలా ఎందుకు కట్టనిచ్చారని అడిగాడు. కోపం లేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగాడు. కొలతలన్నీ సరిగ్గానే ఉన్నాయని, అందరూ కాస్త జాగ్రత్తగా దాటితే సరిపోతుందని నేను ఏదో గొణిగాను.

సోములు తల ఎత్తి నన్ను చూశాడు. "నువ్వు నిలబడి సూస్తన్నావు బాబూ. ఓపాలి నా పక్కన కూకొని రా. అప్పుడు సెప్పు" అన్నాడు.

ఎందుకు ఒప్పుకున్నానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. చుట్టూ జనం చూస్తున్నారు, కాదంటే బాగుండదనుకున్నానేమో. సన్నగా తుంపర పడుతోంది, మలుపు పైన మంచు దిగి ఉంది. మెట్ల దగ్గర రోడ్డు మీద కూర్చుని, అరచేతులు తారు మీద ఆనించి జరగడం మొదలుపెట్టాను. సోములు ముందు, నేను వెనక, మాకు బయటివైపున చిలకమ్మ.

కూర్చోగానే లోకం మారిపోయింది. నిలబడితే కనిపించే మలుపు కనిపించడం మానేసింది. ఒక పక్క రాతిమెట్లు, ఇంకో పక్క తారు, అంతే. సగం దూరం వచ్చేసరికి పైన ఎక్కడో హారను వినిపించింది. ఎంత దూరంలో ఉందో తెలియలేదు. గబుక్కున లేవబోయాను. సోములు వెనక్కి తిరగకుండానే, "నెగకు బాబూ, రాయికి ఆనుకో" అన్నాడు. మెట్టుకు వీపు ఆనించాను. లారీ వచ్చింది. చక్రం నా ముఖం ఎత్తున ఉంది. దాని నట్లు, వాటి మీద బురద, లోపల తిరిగే ఇరుసు కనిపించాయి. వేడిగాలి ముఖానికి కొట్టింది. తలెత్తి డ్రైవరు కోసం చూశాను. తలుపు అడుగుభాగం తప్ప ఏమీ కనిపించలేదు. నాకు డ్రైవరు కనిపించడం లేదంటే, డ్రైవరుకు నేను కనిపించడం లేదు.

లారీ వెళ్లిపోయాక తల తిప్పి చూశాను. చిలకమ్మ మా ఇద్దరికీ బయట, లారీకీ మాకూ మధ్య నిలబడి ఉంది. ప్రతి సంతకూ ఆమె అలాగే నిలబడుతోందని అప్పుడు అర్థమైంది. మోపుతో ఉన్న మనిషి డ్రైవరుకు కనిపిస్తుందని ఆమె లెక్క.

అవతలికి చేరాక సోములు నవ్వాడు. "సూసినావు కదా. ఇంక నువ్వే సేత్తావు" అన్నాడు. చేస్తానన్నాను.

మూడు సంతలు

చేయలేదు. ఆ రోజు సాయంత్రం కాగితం తీశాను. నా కొలత తప్పు, మళ్లీ కొలవాలి అని రాయాలి. అంటే నా సంతకం అబద్ధమని నేనే రాయాలి. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. సస్పెండు చేస్తారు, షావుకారు గదులు ఖాళీ చేయమంటాడు, పార్వతికి ఏడో నెల వచ్చింది. కాగితం మడిచి పెట్టెలో పెట్టాను. పార్వతిని పుట్టింటికి పంపాక రాద్దామనుకున్నాను. తర్వాత, వానలు తగ్గాక రాద్దామనుకున్నాను. అలా రెండు సంతలు గడిచిపోయాయి.

మూడో సంత రోజు పదిగంటల వేళ, మంచులో దిగిన లారీ మలుపులో జారింది. డ్రైవరు ఆఖరి క్షణంలో పక్కకు తిప్పాడు. లారీ తొట్టి అంచు చిలకమ్మ తలమీది మోపుకు తగిలి, ఆమెను ఎత్తి మెట్ల మీద పడేసింది. సోములు రాతికి ఆనుకుని ఉండటంతో అతనికి ఏమీ కాలేదు.

నేను పరుగెత్తి వెళ్లేసరికి ఆమెకు తెలివి ఉంది. తొడ ఎముక విరిగి కాలు ఉండకూడని వైపుకు తిరిగిపోయింది. అరవలేదు. సోములు ఆమె తల ఒడిలో పెట్టుకుని, "నానున్నాను, నానున్నాను" అంటున్నాడు. చీపుళ్లు రోడ్డంతా చెదిరిపోయాయి. అదే లారీలో ఆమెను కిందికి పంపాం. చిలకమ్మ బతికింది. కానీ ఎముక వంకరగా అతికింది. ఆ తర్వాత ఆమె కర్ర సాయం లేకుండా నడవలేదు.

డి.ఇ. గారి ముందు

ఆ మర్నాడే కాగితం రాశాను. గుమస్తా ఎక్కడ నిలబడ్డాడో, నేను చూసి ఎందుకు ఊరుకున్నానో, అంతా రాశాను. బస్సులో కిందికి దిగుతుంటే ప్రతి మలుపులో దిగిపోదామనిపించింది.

డి.ఇ. గారు కాగితం రెండుసార్లు చదివారు. నన్ను కూర్చోమనలేదు. "ఇది పైకి వెళితే నీ ఉద్యోగం పోతుంది. నీ బదులు వచ్చేవాడు నీకన్నా ధైర్యవంతుడని నమ్మకం ఏమిటి?" అన్నారు. ఆయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నారు. "రేపు నేను వస్తున్నాను. టేపు నేను పట్టుకుంటాను" అన్నారు.

చెప్పినట్టే వచ్చారు. రోడ్డు వెడల్పు కొలిచి, నడిమి చోట సుద్దతో గీత గీసి, దాని మీద తనే నిలబడ్డారు. ఐదడుగులు తక్కువ వచ్చింది. మొదటి కొలతలో పొరపాటు జరిగిందని, గోడ ముందుభాగం తీసి మెట్లు పక్కకు తిప్పాలని షావుకారుకు చెప్పారు. షావుకారు ఎదురుచెప్పలేదు. నెల తిరక్కుండా ముందుగోడ వెనక్కి వెళ్లింది. బాట మళ్లీ వచ్చింది. కాలువ మీద పలకలు వేయించి, రెండు చివర్లా మెట్టు లేకుండా ఏటవాలుగా చేయించాను.

గదులు ఖాళీ చేయమని షావుకారు ఎప్పుడూ అనలేదు. పార్వతి పుట్టింటికి వెళ్లే రోజున అతని భార్య కొత్త చీర పెట్టి పంపింది. చాలా రోజుల తర్వాత ఒకసారి షావుకారే నాతో అన్నాడు. "ఆ రోజే ఒక్క మాట సెప్తే ఎనక్కి జరిగేవోణ్ణి కదా సారూ. అప్పటికి ముగ్గే కదా." అది నిజమో, జరిగిపోయాక అన్న మాటో నాకు తెలియదు. వెనక్కి జరగమని నేను ఆ రోజు అడగనేలేదు కదా.

ఇక్కడ మీకు నా అభిప్రాయం దాచకుండా చెప్పాలి. డి.ఇ. గారు నన్ను కాపాడారు, బాటను కూడా కాపాడారు. అందుకు ఆయనను చాలా కాలం దేవుడిలా తలుచుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. నా కాగితం ఆయన జేబులోంచి ఫైల్లోకి ఎప్పుడూ వెళ్లలేదు. ఫైలు ప్రకారం కొలతలో చిన్న పొరపాటు జరిగింది, దిద్దారు. ప్రమాదానికి కారణం డ్రైవరు ఒక్కడే. అతను కోర్టు మెట్లు ఎక్కాడు. నన్ను సాక్షిగా పిలుస్తారేమోనని పోస్టుమాన్ సైకిలు బెల్లు విన్నప్పుడల్లా బయటికి వచ్చి చూసేవాణ్ణి. పిలవలేదు. పిలవనందుకు సంతోషించాను. నా ఉద్యోగ జీవితంలో అన్నిటికన్నా సిగ్గుపడేది ఆ సంతోషానికే.

చిలకమ్మ ఇంటికి

ఆమె ఆస్పత్రి నుంచి ఇంటికి చేరిన రెండు నెలలకు నేను వాళ్ల ఊరు ఎక్కాను. సోములు లేడు. చిలకమ్మ గుమ్మంలో కాలు చాపుకుని చేటలో సామలు చెరుగుతోంది. నాకు కూర్చోవడానికి పీట చూపించింది.

దారి పొడవునా ఎలా చెప్పాలో వల్లించుకున్న మాటలన్నీ మరిచిపోయాను. కొలత తప్పని నాకు ముందే తెలుసని, తెలిసే సంతకం పెట్టానని చెప్పాను. ఆమె చేట ఆపింది. తిడుతుందేమో అనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

"ఈ సంగతి ఆడికి సెప్పినావా?" అని అడిగింది.

లేదన్నాను.

"సెప్పకు. నువ్వు రోడ్డు మీద కూకున్నావని ఆడు ఊరూరా సెప్పుకుంటన్నాడు. నువ్వంటే ఆడికి శానా గురి. అదీ పోతే ఆడికి ఏటి మిగులుతాది?"

నన్ను క్షమించానని అనలేదు. మళ్లీ చెరగడం మొదలుపెట్టింది. నేను లేచి నిలబడ్డాక, తల ఎత్తకుండానే, సంత దగ్గర కొత్తగా కట్టబోయే ఆస్పత్రి కూడా నేనే చూస్తున్నానా అని అడిగింది. అవునన్నాను. "దానికి ఏడు మెట్లు ఎడతారట. కాళ్లు బాగున్నోళ్లు ఆస్పత్రికి ఎందుకెల్తారు బాబూ?" అంది.

ఆస్పత్రి

ఆ ఆస్పత్రి ప్లాను నా బల్ల మీదే ఉంది. వారం క్రితమే చూసి అభ్యంతరం లేదని రాయబోయాను. ఏడు మెట్లున్న సంగతి గమనించను కూడా లేదు.

ఈసారి రాశాను. మెట్ల పక్కన ఏటవాలు దారి వేయాలని, లేకపోతే నేను ఒప్పుకోనని. ప్లానులో లేనిది నువ్వెవరు చెప్పడానికి అని పైనుంచి రెండుసార్లు కాగితం తిరిగొచ్చింది. రెండుసార్లూ భయపడుతూనే మళ్లీ అదే రాసి పంపాను. ధైర్యం వచ్చిందని చెప్పను, అది నాకు ఎప్పుడూ రాలేదు. భయం ఉన్నా చేయి కదులుతుందని మాత్రం నేర్చుకున్నాను. మూడోసారి ఒప్పుకున్నారు. అప్పట్లో ఇలాంటివాటికి రూల్సు ఏమీ లేవు. ఎంత వాలు ఉండాలో నాకు చెప్పేవాళ్లు లేరు. సోములును పిలిచి ఏటవాలుగా వేసిన చెక్కపలకల మీద ఎక్కించి, అతనికి ఆయాసం రాని వాలు ఎంతో చూసుకుని కొలత రాసుకున్నాను. చెయ్యి పట్టుకోవడానికి ఒక పక్క ఇనుపగొట్టం పెట్టించాను.

తలుపులు తెరిచిన రోజు మళ్లీ అదే తుంపర. సోములు ముందే పైకి వెళ్లిపోయి వరండాలో కూర్చున్నాడు. చిలకమ్మ కింద ఆగి, కర్ర కుడిచేతిలోకి మార్చుకుని, ఎడమచేత్తో గొట్టం పట్టుకుంది. తడిసిన సిమెంటు జారుతుందేమోనని నాకు భయం పట్టుకుంది. గరుకు గీతలు లోతుగా గీయించానా లేదా? వాలు ఎక్కువైందా? గొట్టం బిగించిన బోల్టులు ఆగుతాయా? అన్ని అనుమానాలూ ఒక్కసారి వచ్చి మీద పడ్డాయి.

ఆమె ఒక్కో అడుగూ వేస్తోంది. సగం దూరంలో కర్ర కొస కాస్త జారింది. నాకు తెలియకుండానే ఆమె వెనక చేరి, రెండు చేతులూ చాచి నిలబడ్డాను. డాక్టరు, నర్సులు, సంతకు వచ్చిన జనం అందరూ మావైపే చూస్తున్నారు.

చిలకమ్మ ఆగి, గొట్టం గట్టిగా పట్టుకుని, మెడ తిప్పి నన్ను చూసింది.

"సేతులు దించుకో బాబూ. నానెల్తన్నాను కదా" అంది.

దించుకున్నాను. ఆమె వెళ్లింది.